గాజు గదిలో చెమట: టీవీ క్విజ్ షోల మీద సందేహానికి ఉన్న చరిత్ర

టీవీ క్విజ్‌లో ఎవరైనా కోటి రూపాయల ప్రశ్న దగ్గరికి చేరుకున్నారంటే, చూస్తున్న ఇంటిల్లిపాదిలో ఒకరైనా "ఇదంతా ముందే చెప్పిపెట్టి ఉంటారు" అనకుండా ఉండరు. దాన్ని అసూయతో అన్న మాటగా కొట్టిపారేయడం తేలికే. కానీ ఆ సందేహం వెనుక దాదాపు 70 ఏళ్ళ చరిత్ర ఉంది, అందులో కోర్టులు, అమెరికా పార్లమెంటు విచారణలు, ఒక చట్టం ఉన్నాయి. ఆ చరిత్రను నడిపించినవారు వ్యాఖ్యాతలో నిర్మాతలో మాత్రమే కాదు, హాట్ సీట్‌లో కూర్చున్న సామాన్యులు కూడా. ఈ రోజు క్విజ్ కార్యక్రమాలు పాటించే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఎవరో ఒక పోటీదారు చేసిన పని వల్లనో, అతని చేత చేయించిన పని వల్లనో పుట్టినవే.

కథ 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో మొదలవుతుంది. బహుమతులు పంచే ప్రసార కార్యక్రమాలు లాటరీ కిందకు రావని కోర్టు చెప్పడంతో, పెద్ద మొత్తాలు ఇవ్వడానికి ఉన్న అడ్డు తొలగిపోయింది. అంతకుముందు రేడియోలో ఒక క్విజ్ ఉండేది. ఒక డాలరుతో మొదలై, సరైన సమాధానానికల్లా రెట్టింపవుతూ 64 డాలర్ల దగ్గర ఆగేది. సీబీఎస్ టెలివిజన్ ఆ మొత్తాన్ని వెయ్యి రెట్లు చేసి, 1955 జూన్ 7న 'ది 64,000 డాలర్ క్వశ్చన్'ను ప్రారంభించింది. సౌందర్య సాధనాల సంస్థ రెవ్లాన్ స్పాన్సరు. కొద్ది వారాల్లోనే దేశమంతా ఆ కార్యక్రమం ముందు కూర్చుంది.

ఆ విజయ రహస్యం ప్రశ్నల్లో కంటే మనుషుల ఎంపికలో ఉంది. చూడగానే ఊహించలేని విషయంలో పాండిత్యం ఉన్నవారిని నిర్మాతలు వెతికి పట్టుకునేవారు. మొదటిసారి 64,000 డాలర్లు గెలిచిన రిచర్డ్ మెక్‌కచెన్ మెరైన్ దళంలో కెప్టెన్, ఆయన ఎంచుకున్న విషయం వంట. అదే ఏడాది చివర గెలిచిన జాయిస్ బ్రదర్స్ మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ ఉన్న మహిళ, ఆమె విషయం బాక్సింగ్. బాక్సింగ్ పుస్తకాలను పరీక్షకు చదివినట్లు చదివి వచ్చిన ఆమెను మధ్యలో ఓడించి పంపేయాలని కార్యక్రమం నడిపేవారు ప్రశ్నలను కఠినం చేసినా, ఆమె తడబడలేదు. సైనికుడు వంట గురించి, ఆడమనిషి ముష్టి యుద్ధం గురించి చెబుతుంటే ప్రేక్షకులకు అది పరీక్షలా కాక కథలా కనిపించింది. కథకు తగిన మనిషిని ఎంచుకోవడం తప్పు కాదు. ఎంచుకున్న మనిషి కథ తమకు నచ్చినట్లే నడవాలని కోరుకోవడంతోనే అసలు చిక్కు మొదలైంది.

ఆ చిక్కు 'ట్వంటీ వన్'లో బయటపడింది. ఎన్‌బీసీ అనే మరో టీవీ సంస్థలో 1956 సెప్టెంబరు 12న మొదలైన ఈ కార్యక్రమంలో ఇద్దరు పోటీదారులు, ఒకరి మాట ఒకరికి వినిపించని రెండు గాజు గదుల్లో నిలబడి, 1 నుంచి 11 పాయింట్ల దాకా విలువున్న ప్రశ్నలను ఎంచుకుంటూ 21కి చేరుకోవాలి. వ్యాఖ్యాత జాక్ బ్యారీ, నిర్మాత డాన్ ఎన్‌రైట్. మొదటి రాత్రి ఆటను నిజాయితీగానే ఆడించారు. పోటీదారులు ఒకదాని తరువాత ఒకటి తప్పులు చెప్పి ఆటను నీరుగార్చారు. టానిక్కు అమ్ముకునే స్పాన్సరుకు కోపం వచ్చింది. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని మరునాడే గట్టిగా చెప్పడంతో, ఆ తరువాత ఆటను ముందే రాసిపెట్టుకున్న నాటకంలా నడిపించారు.

అలా ఎంపికైనవాడు హెర్బర్ట్ స్టెంపెల్. న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో ఉండే మాజీ సైనికుడు, సిటీ కాలేజీ విద్యార్థి, అపారమైన జ్ఞాపకశక్తి ఉన్నవాడు. అతనికి ప్రశ్నలూ సమాధానాలూ ముందే ఇవ్వడంతో సరిపెట్టలేదు. జుట్టు ఎలా కత్తిరించుకోవాలో, కొలత కుదరని ఏ కోటు వేసుకోవాలో, నుదుటి చెమటను తుడవకుండా ఎలా అద్దుకోవాలో, ఎంతసేపు తడబడి సమాధానం చెప్పాలో అన్నీ నేర్పించారు. గాజు గదిలో చల్లగాలి రాకుండా చేసి, ఆ చెమటను కూడా ఏర్పాటు చేశారు. అతన్ని పేదవాడిగా, ముఖం చూడగానే ఇష్టం కలగని మేధావిగా నిలబెట్టారు. కొన్ని వారాల తరువాత ఆ పాత్ర పని అయిపోయింది. కొత్త పాత్ర కావలసి వచ్చింది.

కొత్త పాత్ర చార్లెస్ వాన్ డోరెన్. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించే యువకుడు. తండ్రి మార్క్ వాన్ డోరెన్‌కు కవిత్వంలో, పెదనాన్న కార్ల్ వాన్ డోరెన్‌కు జీవిత చరిత్రలో పులిట్జర్ బహుమతులు వచ్చాయి. వంశం, రూపం, మర్యాద అన్నీ ఉన్న మనిషి. 1956 డిసెంబరు 5 రాత్రి స్టెంపెల్ అతని చేతిలో ఓడిపోవాలని నిర్మాత ఆదేశించాడు. 1955 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందినది ఏది అన్న ప్రశ్నకు సమాధానం 'మార్టీ'. స్టెంపెల్‌కు ఆ సినిమా అంటే ప్రాణం. అయినా చెప్పమన్నట్లే 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అని తప్పు చెప్పాడు. తెలిసిన సమాధానాన్ని కోట్ల మంది ముందు మింగుకోవలసి రావడం ఎంత అవమానమో, చదువుకున్నదే తన ఆస్తి అనుకునే మనిషికి బాగా అర్థమవుతుంది. చరిత్ర ఈ ఘట్టాన్ని వాన్ డోరెన్ పతనంగా చెప్పుకుంటూ వచ్చింది గాని, నా దృష్టిలో ఇది మొదట స్టెంపెల్‌కు జరిగిన అన్యాయం.

వాన్ డోరెన్ తరువాతి మూడు నెలలు గెలుస్తూనే పోయి 1,29,000 డాలర్లు సంపాదించాడు. 1957 ఫిబ్రవరిలో 'టైమ్' పత్రిక ముఖచిత్రం అయ్యాడు. మార్చి 11న వివియన్ నియరింగ్ చేతిలో ఓడిన తరువాత కూడా ఎన్‌బీసీ అతనికి ఉద్యోగం ఇచ్చింది. స్టెంపెల్‌కు ఆశ చూపిన టీవీ అవకాశాలు మాత్రం రానే లేదు. అతను నిజం చెబుతానని పత్రికల దగ్గరికి వెళితే, సాక్ష్యం లేని ఆరోపణ అచ్చువేస్తే పరువు నష్టం దావా వస్తుందని వాళ్ళు వెనకాడారు. ఓడిపోయినవాడి అక్కసు అన్నారు.

1958లో 'డాటో' అనే మరో క్విజ్‌లో, తన వంతు కోసం వెనుక గదిలో ఎదురుచూస్తున్న ఒక పోటీదారుకు, మరొక పోటీదారు వదిలేసిన నోట్‌బుక్ దొరికింది. అందులో ఆ రోజు ప్రశ్నలకు సమాధానాలు రాసి ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టులో ఆ కార్యక్రమం రాత్రికి రాత్రి ఆగిపోయింది. అప్పుడు గాని స్టెంపెల్ మాటను వినడానికి ఎవరూ ముందుకు రాలేదు. న్యూయార్క్‌లో గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టడానికి ఆధారాలున్నాయా అని చూసే పౌరుల బృందం, విచారణ మొదలుపెట్టింది. సుమారు 150 మంది సాక్షుల్లో 100 మంది దాకా ప్రమాణం చేసి అబద్ధం చెప్పారని ప్రాసిక్యూషన్ తరువాత అంచనా వేసింది. దొరికిన తిరుగులేని రుజువు జేమ్స్ స్నాడ్‌గ్రాస్ అనే చిత్రకారుడి దగ్గర ఉంది. 'ట్వంటీ వన్'లో ఆడిన అతను, తనకు ముందే ఇచ్చిన సమాధానాలను కాగితం మీద రాసి, ప్రసారానికి ముందే తన చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకొని, ఆ కవర్లను విప్పకుండా దాచాడు. 1959లో ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు ఆ కవరును చించి చదివినప్పుడు, తపాలా ముద్ర మీది తేదీని కాదనగలవారు ఎవరూ లేకపోయారు.

1959 నవంబరు 2న వాన్ డోరెన్ అదే ఉపసంఘం ముందు నిజం ఒప్పుకున్నాడు. గత మూడేళ్ళ జీవితాన్ని వెనక్కి తిప్పగలిగితే తన దగ్గర ఉన్నదంతా దాదాపుగా ఇచ్చేస్తానని చెప్పాడు. కొలంబియా ఉద్యోగం, ఎన్‌బీసీ ఉద్యోగం రెండూ పోయాయి. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. క్విజ్‌లో సమాధానాలు ముందే ఇవ్వడం అప్పటికి ఏ చట్టం కిందా నేరం కాదు. అందుకే కొందరు పోటీదారుల మీద నిలిచిన కేసు గ్రాండ్ జ్యూరీ ముందు అబద్ధం చెప్పారన్నది మాత్రమే. వాన్ డోరెన్‌తో సహా వారు 1962లో నేరం ఒప్పుకొని, అమలు నిలిపివేసిన శిక్షలతో బయటపడ్డారు. నాటకం రాసి ఆడించినవారి కంటే, అందులో ఆడినవారే కోర్టు మెట్లెక్కడం ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధించే అంశం. ప్రేక్షకులను మోసగించే ఉద్దేశంతో ప్రసార పోటీల్లో సాయం అందించడాన్ని నేరంగా నిర్ణయించే సవరణ 1960లో వచ్చింది. కథకు తగిన మనిషిని ఎంచుకునే హక్కు నిర్మాతకు అలాగే ఉంది. ప్రశ్న మీద చేయి వేసే హక్కు మాత్రం పోయింది. వాన్ డోరెన్ 2019లో, స్టెంపెల్ మరుసటి ఏడాది, ఇద్దరూ 93 ఏళ్ళ వయసులోనే మరణించారు.

కుంభకోణం తరువాత పెద్ద బహుమతుల క్విజ్‌లను ఛానళ్ళు తాకడానికే భయపడ్డాయి. ఆ రోజుల్లో మెర్వ్ గ్రిఫిన్ అనే నిర్మాత భార్య జూలాన్ ఒక విమాన ప్రయాణంలో, "సమాధానాలు మనమే ఇచ్చేద్దాం, ప్రశ్నలు వాళ్ళను చెప్పమందాం" అనే అర్థంలో ఒక మాట అందట. 5,280 అని ఆమె అంటే, మైలుకు ఎన్ని అడుగులు అని ఆయన ప్రశ్న చెప్పాడు. 1964లో 'జెపర్డీ' అలా పుట్టింది. సమాధానాలు ముందే ఇచ్చారన్న నిందనే ఆట నియమంగా మార్చుకున్న ఆ కార్యక్రమంలో, వరుసగా ఐదు రోజులు గెలిచినవారు తప్పుకోవాలన్న పరిమితిని 2003లో ఎత్తివేశారు. మరుసటి ఏడాదే యూటా రాష్ట్రానికి చెందిన కెన్ జెన్నింగ్స్ వరుసగా 74 ఆటలు గెలిచి 25 లక్షల డాలర్లకు పైగా సంపాదించాడు.

మోసం నిర్మాతల వైపు నుంచి కాకుండా పోటీదారు వైపు నుంచి వస్తే ఏమవుతుంది? అసలు మోసం అని దేన్ని అనాలి? 1984లో ఈ ప్రశ్న సీబీఎస్ ముందుకు వచ్చింది. 'ప్రెస్ యువర్ లక్' అనే ఆటలో 18 గడుల బోర్డు మీద ఒక వెలుగు గంతులు వేస్తూ ఉంటుంది. మీట నొక్కితే ఆగిన గడిలో డబ్బు ఉంటే వస్తుంది, 'వ్యామీ' అనే బొమ్మ ఉంటే అప్పటిదాకా గెలిచిందంతా పోతుంది. ఒహాయోలోని లెబనాన్ పట్టణంలో ఐస్‌క్రీమ్ బండి నడిపే మైకేల్ లార్సన్ ఆ కార్యక్రమాన్ని వీసీఆర్‌లో రికార్డు చేసి, ఒక్కొక్క ఫ్రేమూ ఆపి చూశాడు. ఆ వెలుగు ఇష్టం వచ్చినట్లు తిరగడం లేదని, ఐదే ఐదు వరుసల్లో తిరుగుతోందని, రెండు గడుల్లో వ్యామీ ఎప్పుడూ రాదని కనిపెట్టాడు. పైగా ఆ రెండు గడులు డబ్బుతో పాటు మరో అవకాశం కూడా ఇస్తాయి. అతన్ని ఎంపిక చేసేటప్పుడు సిబ్బందిలో ఒకరికి అనుమానం వచ్చినా, ఐస్‌క్రీమ్ బండివాడి కథ తెర మీద బాగుంటుందని పైవారు ఒప్పుకున్నారు. మళ్ళీ కథే గెలిచింది.

ఆ రోజు అతను 40 సార్లకు పైగా మీట నొక్కి 1,10,237 డాలర్లు గెలిచాడు. ఆట ఎంతకీ ముగియకపోవడంతో దాన్ని జూన్ 8, 11 తేదీల్లో రెండు భాగాలుగా ప్రసారం చేయవలసి వచ్చింది. ఛానల్ అధికారులు నిబంధనల పుస్తకమంతా తిరగేసినా, అతను ఉల్లంఘించినది ఒక్కటీ దొరకలేదు. డబ్బు ఇచ్చేశారు. తరువాత వెలుగు తిరిగే వరుసలను పెంచేశారు. కళ్ళ ముందు అందరికీ కనిపిస్తున్నదాన్నే శ్రద్ధగా చూడటం మోసం కాదని నేను గట్టిగా నమ్ముతాను. తెలుగులో కిటుకు అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కానీ ఆ డబ్బు అతని దగ్గర నిలవలేదు. ఒక రేడియో పోటీలో అడిగిన నంబరున్న నోటు కోసం వేలకొద్దీ ఒక డాలరు నోట్లు బ్యాంకు నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే, దొంగలు ఎత్తుకుపోయారు. 1999లో క్యాన్సర్‌తో మరణించాడు.

బ్రిటన్‌లో 2001 సెప్టెంబరులో 'హూ వాంట్స్ టు బీ ఎ మిలియనీర్' చివరి ప్రశ్నకు 'గూగోల్' అని సమాధానం చెప్పి పది లక్షల పౌండ్లు గెలిచిన సైనిక మేజర్ చార్లెస్ ఇంగ్రామ్ సంగతి దీనికి పూర్తిగా వేరు. సరైన సమాధానం వినిపించినప్పుడల్లా మరొక పోటీదారు దగ్గుతూ సంకేతం ఇచ్చాడని కార్యక్రమం ఆరోపించి, చెక్కును నిలిపివేసింది. ఇంగ్రామ్, ఆయన భార్య, ఆ మూడో వ్యక్తి దోషులని 2003లో లండన్ కోర్టు తీర్పు ఇచ్చింది. శిక్షల అమలు నిలిపివేశారు. తాము తప్పు చేయలేదనే ఆ దంపతులు చెబుతూ వచ్చారు.

ఆ బ్రిటిష్ కార్యక్రమమే 2000 జూలై 3న 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా భారతదేశానికి వచ్చింది. అదే ఏడాది సివిల్స్‌కు సిద్ధమవుతున్న ముంబయి యువకుడు హర్షవర్ధన్ నవాథే మొదటి కోటి గెలిచాడు. 2001లో పిల్లల విభాగంలో 14 ఏళ్ళ వయసులో కోటి గెలిచిన రవి మోహన్ సైనీ, తరువాత వైద్యం చదివి ఐపీఎస్ అధికారి అయ్యాడు. 2011లో 5 కోట్లు గెలిచిన బీహార్‌లోని మోతీహారి కంప్యూటర్ ఆపరేటరు సుశీల్ కుమార్, గెలుపు తరువాతి కాలం తన జీవితంలో అత్యంత కష్టమైన రోజులని 2020లో తానే రాసుకున్నాడు. దానాల పేరుతో మోసపోవడం, మద్యం, కుటుంబంలో కలతలు అన్నీ అందులో చెప్పాడు. పోటీదారు ప్రశ్నకు జవాబు చెప్పేవరకే నిబంధనలు కాపలా కాస్తాయి. లైట్లు ఆరిన తరువాత అతనికి ఎవరూ తోడు రారని స్టెంపెల్, లార్సన్, సుశీల్ కుమార్ ముగ్గురి జీవితాలూ చెబుతున్నాయి.

తెలుగులో ఈ ఆట 2014లో నాగార్జున వ్యాఖ్యాతగా 'మీలో ఎవరు కోటీశ్వరుడు' పేరుతో మా టీవీలో మొదలైంది. 2017లో చిరంజీవి కొనసాగించారు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ చేతికి వచ్చేసరికి ఛానల్ జెమినీ అయింది, పేరు 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా మారింది. ఆ ఏడాది నవంబరులో కొత్తగూడెం ప్రాంతానికి చెందిన రాజా రవీంద్ర అనే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి రూపాయల ప్రశ్నకు సరైన సమాధానం చెప్పాడు. షూటింగ్ క్రీడాకారుడు కూడా అయిన అతను, ఆ డబ్బును ఆటలో శిక్షణ కోసం వాడుకుంటానని చెప్పాడు.