కోరింగ మడ అడవి: మొక్క కంటే ముందు కాలువ

కాకినాడకు దక్షిణాన, గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో 235.7 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని ప్రకటించారు. బావురుపిల్లి, నీటికుక్క, మడపీత, రొయ్యపిల్ల, వలస పక్షులు అన్నీ ఇక్కడి మడ చెట్ల మీద ఆధారపడి బతికేవే. అయితే అడవి మధ్యలో ఏమీ మొలవని బోడి నేలలు ఏర్పడ్డాయి. అవి ఎందుకు బోడిగా మారాయో తెలుసుకోకుండా మొక్కలు నాటడం డబ్బు దండగ.

మొదటి కారణం నరుకుడు. వంటచెరకు కోసం అడవిని కూపులుగా విడదీసి, వంతుల వారీగా ఒక్కో కూపును మొత్తంగా కొట్టేసేవారు. కొట్టిన చోట అడవి తనంతట తానే తిరిగి లేస్తుందని లెక్క వేసుకున్నారు. మడ నేల విషయంలో ఆ లెక్క తప్పింది. నీడ పోయేసరికి బురద ఎండింది, అందులోని ఆకుకుళ్లు, వేర్లు చివికి నేల కుంగి పళ్లెంలా పల్లమైంది. అమావాస్య, పౌర్ణమి పెద్ద పోట్లకు లోపలికి వచ్చిన నీరు పాటులో వెనక్కి పోలేక అక్కడే నిలిచి ఆవిరవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైన ప్రతిసారీ ఆ ఉప్పు నేలలోనే మిగులుతుంది. చివరికి ఆ నేలలో సూయెడా లాంటి ఉప్పుమొక్కలు తప్ప, ఉప్పును బాగా ఓర్చే మడ జాతి అయిన తెల్లమడ విత్తు కూడా నిలవదు.

రెండోది మంచినీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలోనే ఇప్పటి 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడమది, అందులో వాదన లేదు. కానీ రబీకి కాలువలు పారుతున్న నెలల్లో కింద మొగ దాకా చేరే నది నీరు నామమాత్రం. ఉప్పును కడిగే పని ఒక్క వరదల కాలానికే పరిమితమైంది.

1990లలో రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువు గట్టు ఎక్కడ లేస్తే, దాని వెనకున్న మడకు అక్కడితో పోటు ఆగినట్టే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల సాగును నిషేధించింది. 2005 నాటి కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రిజిస్ట్రేషన్ పేరుతో మళ్లీ దారి తెరిచింది.

బోడి నేలకు మందు ముందు తమిళనాడులోని పిచ్చావరంలో దొరికింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీ శాఖలతో కలిసి అక్కడ పరీక్షించిన పద్ధతిని 1990లలోనే గోదావరి, కృష్ణా డెల్టాలకు తెచ్చింది. దాన్ని చేపముల్లు కాలువలు అంటారు. మొదట నేల మట్టాలు కొలిచి, పోటు ఏ వైపు నుంచి ఎక్కుతుందో చూడాలి. దగ్గరి ఏటిపాయ నుంచి పల్లం మధ్యగా పెద్ద కాలువ తీసి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వాలి. అంచులు నిట్టనిలువుగా ఉంటే విరిగిపడతాయి కాబట్టి కాలువ పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండాలి. తవ్వి తీసిన మట్టిని ఏకగట్టుగా పోయడం తరచూ జరిగే పొరపాటు. అలా పోస్తే పోటుకు మళ్లీ అడ్డు కట్టినట్టే.

తవ్వగానే నాటకూడదు. ఒక వానాకాలం పోటు, పాటు, వాన కలిసి ఉప్పును కడగాలి. ఆ తర్వాత తెల్లమడ మొక్కలను కాలువ వాలు మీద, పోటుకు తడిసి పాటుకు తేలే ఎత్తులో పెట్టాలి. అడుగున పెడితే మునిగి చస్తాయి, గట్టు మీద పెడితే ఎండిపోతాయి. గేదెలకు మడ ఆకు ఇష్టం, కాబట్టి మొదటి ఏళ్లలో మేపును ఆపించాలి. ఇది ఊరివాళ్లు ఒప్పుకుంటేనే జరిగే పని. అన్నిటికన్నా ముఖ్యమైనది పూడికతీత. పెద్ద కాలువ నోరు పూడితే నేల మళ్లీ పాత పళ్లెమే అవుతుంది. నాటిన మొక్కల సంఖ్య చూపినంత సులువుగా తీసిన పూడికను చూపలేం, అందుకే ఈ పని వెనకబడుతుంది.

కాలువలు పోటును తేగలవు గానీ గోదావరి మంచినీటిని, ఒండ్రును తేలేవు. ఎగువ ఆనకట్టలు ఒండ్రును పట్టేస్తున్నాయి. నది నీరు తగ్గిన చోట ఉప్పును బాగా ఓర్చే తెల్లమడే పెత్తనం చేస్తుంది, మంచినీటి పాలు ఎక్కువ కోరే జాతులు పక్కకు తప్పుకుంటాయి.