‘మహిమ’ మాటలో మరుగున పడిన బరువు

మా సంఘంలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, అప్పు తీరినవాళ్లు లేచి చెబుతారు. ప్రతి సాక్ష్యం ‘దేవునికే మహిమ’ అన్న మాటతోనే ముగుస్తుంది. ఎంత ప్రార్థించినా భర్త ప్రాణం దక్కని ఒక అక్క మాత్రం వెనక చాప మీద తల వంచుకుని కూర్చుంటుంది. ఆమెకు చెప్పుకోవడానికి దేవుని మహిమ లేనట్టేనా? నన్ను ఈ మాట వెనక్కి నడిపించింది ఆ ప్రశ్నే.

తెలుగులో మహిమ అనగానే మహత్తు గుర్తొస్తుంది. ‘మహిమ గల తల్లి’ అంటాం. అష్టసిద్ధుల్లో ఒకదాని పేరూ అదే. బైబిల్లోకి వచ్చాక కూడా ఆ అద్భుతాల వాసన ఈ మాటను వదల్లేదు.

పాత నిబంధన భాష హీబ్రూలో మాత్రం ఆ మాట ‘కాబోద్’. దాని ధాతువుకు అర్థం బరువు. మనకిదేమీ వింత కాదు. గౌరవం అన్న మాట ‘గురు’ నుంచే వచ్చింది. ఛందస్సులో గురువు, లఘువు అంటామే, ఆ గురువే. తేలిగ్గా చూడటాన్ని చులకన చేయడం అంటాం. హీబ్రూలోనూ సరిగ్గా ఇదే జత ఉంది.

ఈ జత ఎలా పనిచేస్తుందో సమూయేలు మొదటి గ్రంథంలో ఏలీ కథ చూపిస్తుంది. యాజకుడైన ఏలీ కొడుకులు బలి మాంసాన్ని దౌర్జన్యంగా లాక్కుని తింటుంటారు. నాకు బరువు ఇచ్చేవారికి నేను బరువు ఇస్తాను, నన్ను తృణీకరించేవారు తేలికైపోతారు అని దేవుడు ఏలీతో అంటాడు. తర్వాత యుద్ధంలో శత్రువులైన ఫిలిష్తీయులు మందసాన్ని, అంటే దేవుని సన్నిధికి గుర్తైన పవిత్ర పెట్టెను, పట్టుకుపోతారు. ఆ వార్త విని 98 ఏళ్ల ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి, మెడ విరిగి చనిపోతాడు. ముసలివాడు, పైగా భారీ మనిషి అని రాశారు. ఆ ‘భారీ’ కూడా కాబోద్ ధాతువుదే. అప్పుడే కోడలు ప్రసవించి, బిడ్డకు ఈకాబోదు అని పేరు పెడుతుంది, కాబోద్ వెళ్లిపోయిందని. మన బైబిల్లో ఇక్కడ ‘ప్రభావము’ అని ఉండటంతో తెలుగు పాఠకుడికి ఈ గొలుసు తెగిపోయింది. నాకు బాధ కలిగించే విషయమిది.

క్రీ.పూ. 586లో బబులోనువాళ్లు యెరూషలేము ఆలయాన్ని కాల్చేశారు. అంతకు ముందే చెరపట్టబడిన యెహెజ్కేలు ప్రవక్త, మహిమ ఆలయం గడప దాటి తూర్పు కొండ మీదికి వెళ్లిపోవడం దర్శనంలో చూశాడు. కానీ అతనికి ఆ మహిమ మొదట కనిపించింది ఎక్కడ? పరాయి దేశంలో, ఓడిపోయినవాళ్ల మధ్య, కెబారు నది ఒడ్డున.

తర్వాత అలెగ్జాండ్రియా యూదులు లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు కాబోద్‌కు ‘డోక్సా’ అన్న మాట వాడారు. గ్రీకులో దానికి అభిప్రాయం, పేరుప్రతిష్ఠ అని అర్థం. జనం ఏమనుకుంటున్నారన్న మాట మీద దేవుని బరువంతా మోపారు. కొత్త నిబంధన రాసినవాళ్లు అదే వాడారు.

వాళ్లలో యోహాను సువార్త తెగువ చూపింది. మనుష్యకుమారుడు (యేసు తనను తాను పిలుచుకునే పేరు) మహిమ పొందే గడియ వచ్చిందని 12వ అధ్యాయంలో యేసు అన్నప్పుడు, మాట్లాడుతున్నది తన చావు గురించి. వెంటనే భూమిలో పడి చచ్చే గోధుమగింజ మాట ఎత్తుతాడు. ఆ గడియలోనే ‘నా ప్రాణం కలవరపడుతోంది’ అని కూడా అంటాడు.

సంఘం ఈ సంగతిని చాలాసార్లు మరిచింది. 1518లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన వాదంలో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రెండు రకాల వేదాంతులను వేరు చేశాడు: మహిమ వేదాంతి, సిలువ వేదాంతి. మొదటివాడు దేవుణ్ణి శక్తిలోనూ ఘనకార్యాల్లోనూ వెతుకుతాడు. రెండోవాడు సిలువలో, శ్రమలో చూస్తాడు.

నిజానికి, ఆ అక్క తన భర్త చనిపోయిన వారం కూడా ఆరాధనకు వచ్చింది. మోకాళ్లూని ప్రార్థించి, ఏమీ మాట్లాడకుండా చాప మడిచిపెట్టి వెళ్లింది. ఆమె వెనక్కి తిరిగి చూసి ఉంటే చెప్పేవాణ్ణి: అక్కా, నీదీ సాక్ష్యమే.