ఏ కాలితో నొక్కాలి?

చిన్న హెలికాప్టర్ కూలితే దర్యాప్తు నివేదికలో పైలట్ గురించి సాధారణంగా రెండు అంకెలుంటాయి: మొత్తం ఎన్ని గంటలు నడిపారు, అందులో ఆ మోడల్‌పై ఎన్ని గంటలు. నన్నడిగితే ముందు చూడాల్సింది రెండోది. వేల గంటలు ఎగిరినవాళ్ల చేతులూ కాళ్లూ కూడా పాత హెలికాప్టర్‌కే అలవాటుపడి ఉంటాయి.

రోటర్, అంటే నెత్తిన తిరిగే రెక్కలు, తిరిగే దిశనే తీసుకోండి. అమెరికాలో తయారయ్యే రాబిన్‌సన్ ఆర్22 రోటర్, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ఫ్రాన్స్‌లో తయారయ్యే గింబాల్ కాబ్రీ జీ2 రోటర్ ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. రెండూ ఇద్దరు కూర్చునేవే, రెండింటినీ శిక్షణకు వాడతారు. రోటర్ ఒకవైపు తిరుగుతుంటే హెలికాప్టర్ ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపేది తోక దగ్గరి చిన్న రోటర్, దాన్ని అదుపు చేసేవి కాళ్ల కింది పెడళ్లు. అందుకే పవర్ పెంచినప్పుడు ఆర్22లో ఎడమ పెడల్ నొక్కాలి, కాబ్రీలో కుడి పెడల్.

ఆర్22 మీద చేయి తిరిగిన పైలట్ కాబ్రీని దించుతున్నారనుకోండి. వేగం బాగా తగ్గింది. గాల్లో నిలబెట్టడానికి ఎడమ చేత్తో కలెక్టివ్ లివర్ (హెలికాప్టర్‌ను పైకి లేపేది) పైకి లాగారు, దాంతో పవర్ పెరిగింది. ముక్కు ఎడమకు జరిగింది. ఆలోచించేలోపే ఎడమ కాలు పడింది. ముక్కు ఇంకా జోరుగా ఎడమకే తిరిగింది. ఇప్పుడు టెన్షన్‌లో కుడి పెడల్ కాస్త నొక్కితే చాలదు. కాబ్రీ తోకలో ఫ్యాన్ గుండ్రటి గూటిలో ఉంటుంది. దానికి పెడల్ మామూలు తోక రోటర్ కన్నా ఎక్కువ దూరం కదపాలి. చివరిదాకా తొక్కి, తిరగడం ఆగేవరకూ అలాగే పట్టాలి. సగం తొక్కి, పెడల్ పనిచేయట్లేదనుకుని వదిలేస్తే అంతే సంగతులు.

కొత్త కారులో ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తే నవ్వుకుంటాం. ఇక్కడ నవ్వుకునేంత టైమ్ ఉండదు.

విమానాలు నడిపి హెలికాప్టర్‌కి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది. ముక్కు గబుక్కున కిందికి నెట్టడం విమానంలో చాలాసార్లు ప్రాణం కాపాడే పని. ఆర్22 లాంటి, రోటర్‌కు రెండే రెక్కలుండే హెలికాప్టర్‌లో అలా నెడితే రోటర్ మీద బరువు పోతుంది. తోక రోటర్ తోపుకి ఒళ్లు కుడికి ఒరుగుతుంది. సరిచేద్దామని స్టిక్‌ను ఎడమకు లాగితే రోటర్ మాత్రమే వాలుతుంది, ఒళ్లు దాని వెంట రాదు. రోటర్ హబ్ (రెక్కలు కలిసే నడిమి భాగం) దాన్ని మోసే ఇరుసుకు కొట్టుకుని ఇరుసు విరిగిపోవచ్చు. ముందు స్టిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్‌పై బరువు పడనివ్వాలి, తర్వాతే ఒరుగు సరిచేయాలి. ఇంజిన్ ఆగినా అంతే: ఆర్22 రోటర్ తేలిక, దాని వేగం వెంటనే పడిపోతుంది కాబట్టి కలెక్టివ్ దించడానికి సుమారు ఒక సెకను మాత్రమే ఉంటుంది.

అమెరికాలో మామూలుగా చిన్న హెలికాప్టర్లకు మోడల్ వారీ లైసెన్సు అక్కర్లేదు. అయినా ఆర్22, అదే కంపెనీ తయారుచేసే ఆర్44 నడిపేవాళ్లకు ప్రత్యేక శిక్షణ ఉండాల్సిందేనని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ 1995లో నిబంధన పెట్టింది.