చింతచెట్టు కింద సోషల్ క్లాసు

చిట్టీ, నానీ,

మొన్న ఫోన్లో చిట్టి అడిగింది: "తాతయ్యా, సోషల్ పరీక్షకి పాఠం మొత్తం బట్టీ పట్టాను. సెలవులయ్యాక చూస్తే ఒక్క ముక్క గుర్తు లేదు. గోల్కొండలో చప్పట్లు మాత్రం ఎందుకు మర్చిపోలేదు?" ఫోన్లో తేలే ప్రశ్న కాదని ఉత్తరం రాస్తున్నాను.

కోట ద్వారం గుమ్మటం కింద గైడు చప్పట్లు కొడితే, ఎక్కడో పైన కొండ కొసన బాలాహిస్సార్ దగ్గర నువ్వు విన్నావు. కింద నాని, పైన నువ్వు. "వినపడిందా?" అని వాడు అరిస్తే ఆ అరుపు వినపడలేదు గానీ చప్పట్లు వినపడ్డాయి. ఎందుకలా అని దారంతా నన్ను సతాయించావు. ఆ పాఠాన్ని నీకెవరూ చెప్పలేదు, నువ్వే తవ్వుకున్నావు.

మతిమరుపు గురించి 1885లోనే జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన పుస్తకం రాశాడు. అదంతా వద్దులే. మీ నానమ్మ పాలు తోడు పెట్టడం చూశారుగా? వేలు ముంచి చూస్తుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలలో వేస్తే పొద్దునకి పాలు పాలలాగే ఉంటాయి. గోరువెచ్చగా ఉండాలి. చదువూ అంతే. బెత్తం భయంతోనో, ర్యాంకు టెన్షన్‌తోనో మరిగిపోతున్న బుర్రలో ఏదీ తోడుకోదు. బొత్తిగా ఆసక్తి లేని బుర్రలోనూ అంతే. ఇక తోడు అంటే నిన్నటి పెరుగు. మీకు ముందే తెలిసింది ఏదో కాస్త ఉంటేనే కొత్తది దాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత మూత పెట్టి వదిలేయాలి, అంటే హాయిగా నిద్రపోవాలి. చదివింది నిద్రలోనే కుదురుకుంటుంది. పరీక్ష ముందు రాత్రి తెల్లార్లూ మేలుకోవడమంటే గిన్నె మూత మాటిమాటికీ తీసి కదపడమే. చలికాలంలో ఆ గిన్నెను బియ్యం డబ్బాలో పెడతారు. చదువుకి ఆ బియ్యం డబ్బా ఏమిటని అడక్కండి, నాకూ తెలీదు.

మా సోషల్ సారు ఒకాయన ఉండేవారు. ఒకరోజు క్లాసంతటినీ అఫ్జల్‌గంజ్‌కి నడిపించుకెళ్ళారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో పెద్ద చింతచెట్టు ఉంది, ఇప్పటికీ ఉంది. దాని కింద కూర్చోబెట్టి, "1908 సెప్టెంబరు 28న మూసీ ఇక్కడిదాకా వచ్చింది. ఈ చెట్టెక్కి బతికినవాళ్ళు సుమారు 150 మంది" అన్నారు. మేమంతా తలలెత్తి కొమ్మలు చూశాం. మొదలు మీద చెయ్యి పెడితే బెరడు గరుకుగా, ఎండకి వెచ్చగా ఉంది. ఆయన మళ్ళీ అడిగారు: "నీళ్ళొస్తున్నాయి, మీరు ఎక్కేశారు. తర్వాత?" నా పక్కన కూర్చున్నవాడు నెమ్మదిగా అన్నాడు: "మా నానమ్మను ఎట్ల ఎక్కిస్తం సార్? ఆమెకు మోకాళ్ళు వంగవు."

సారు జవాబు చెప్పలేదు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకడు, "మళ్ళా వస్తదా సార్ వరద?" అన్నాడు. అప్పుడు మొదలుపెట్టారు అసలు పాఠం. వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, ఎగువన నీళ్ళాపితే ఊరు బతుకుతుందని ఆయన చెప్పడం, మూసీ మీద 1920కి ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927కి హిమాయత్ సాగర్ పూర్తి కావడం. మనం గండిపేట అని పిక్నిక్‌కి వెళ్తామే, అదే ఉస్మాన్ సాగర్. ఆ తేదీలు ఎన్నడూ బట్టీ పట్టలేదు. మాకు ఆ నానమ్మ గురించిన దిగులు ముందు కలిగింది, ఆనకట్ట తర్వాత వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు సారు ఉస్మానియా బిస్కెట్లు కొనిపెట్టారు. "మీకు గుర్తున్నది ఆ బిస్కెట్లే, వరద కాదు" అంటుంది నాతో మీ నానమ్మ. ఏమో, రెండూ కలిసే తోడుకున్నాయేమో.

మార్కులు వద్దని నేననను. కానీ ఒకే పేజీని పదిసార్లు చదివే బదులు పుస్తకం మూసి, వంటింట్లో అమ్మకి చెప్పండి. ఎక్కడ నోరు ఆగుతుందో అక్కడ మీకు రాదన్నమాట. తెరిచి చూసి మళ్ళీ చెప్పండి. అమ్మ విసుక్కుంటే నాకు ఫోన్ చేయండి, నేను ఖాళీయే.

ఇప్పుడొక పని చెబుతాను. ఆగస్టు 3న మధ్యాహ్నం పన్నెండుంపావుకల్లా ఒక సీసా పట్టుకుని మేడ మీదికెళ్ళండి. దాన్ని నిటారుగా నిలబెట్టి, నీడ ఎటు పడుతుందో, ఎంత పొడుగుంటుందో ముందే ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకోండి. ఒకరిది ఒకరు చూసుకోవద్దు. ఆ తర్వాత ఓ పావుగంట కన్నార్పకుండా నీడనే చూడండి, సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు. ఢిల్లీలో మీ బాబాయి మేడ మీద ఇది ఏ రోజూ జరగదు. మన హైదరాబాదులో జరుగుతుంది. ఎందుకో ఇప్పుడు చెప్పను, ఇంటర్నెట్‌లోనూ వెతకొద్దు. చూశాక మీరేమనుకున్నారో నాకు రాయండి. మబ్బు పట్టిందా, వచ్చే మే 9 దాకా ఆగాల్సిందే.

మీ తాతయ్య