బజర్ నొక్కే ముందు

మారతహళ్ళి, బెంగళూరు

చి. పిల్లలకు ఆశీస్సులు.

సైన్స్ క్విజ్‌కి పేర్లిచ్చారని మీ అమ్మ చెప్పింది. అప్పుడే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారట! చదవండి. అయితే ఫైనల్ దాకా వచ్చిన జట్లన్నీ పాఠాలు చదివినవే. తేడా అంతా బజర్ దగ్గరే వస్తుంది.

ఒక ప్రశ్న చూడండి: "మూత లేని గిన్నెలో మంచినీళ్ళు ఎన్ని డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి..." ఇక్కడ ఎవడో ఒకడు టక్కున నొక్కి వంద అనేస్తాడు. చదివేవారి చేతిలో ఇంకో ముక్క మిగిలే ఉంటుంది: "...గిన్నె బెంగళూరులో ఉంటే?" మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి తక్కువ. జవాబు దాదాపు 97. (ఇక్కడ కుక్కర్ లేకుండా కందిపప్పు ఓ పట్టాన ఉడకనిదీ అందుకే.)

తొందర ఎంత ఖరీదో లెక్క కట్టొచ్చు. అమెరికా ఇంధన శాఖ 1991 నుంచి నడుపుతున్న నేషనల్ సైన్స్ బౌల్‌లో టాస్-అప్ ప్రశ్నకి (రెండు జట్లలో ఎవరైనా బజర్ నొక్కి చెప్పేది) 4 పాయింట్లు, అది సరిగ్గా చెప్పిన జట్టుకే దాని వెనక వచ్చే బోనస్‌కి 10. ప్రశ్న మధ్యలో నొక్కి తప్పు చెబితే అవతలి జట్టుకి ఊరికే 4 వస్తాయి. ప్రశ్న మొత్తం వాళ్ళకి మళ్ళీ చదువుతారు. వాళ్ళు సరిగ్గా చెబితే ఇంకో 4, బోనస్ కూడా కొడితే 10. ఒక్క నొక్కుడికి 18!

అలాగని చివరిదాకా ఆగితే అవతలివాళ్ళు ముందే నొక్కేస్తారు. అందుకని సాధన ఇలా చేయండి. పాత ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఏ మాట దగ్గర జవాబు ఒక్కటే మిగులుతుందో అక్కడ పెన్సిల్‌తో నిలువు గీత పెట్టండి. మూలకాలు వెలిగినప్పుడు వచ్చే కాంతిని రంగులుగా విడదీస్తే ఒక్కోదానికి సొంత గీతలు కనబడతాయి. అందులో "పసుపు గీత" అనగానే సోడియం తడుతుంది, హీలియమూ తడుతుంది. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్లు, హీలియందేమో 587.6. పక్కపక్కనే ఉన్నాయి కదా! అదే "1868 సంపూర్ణ సూర్యగ్రహణం" అని వినబడిందా, ఇక హీలియమే; దాని గీత మొదట కనబడింది సూర్యుడి వెలుగులోనే. ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఆ గ్రహణాన్ని చూసింది మన గుంటూరులోనే. భూమ్మీద ఆ వాయువుని 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే యురేనియం ఖనిజం నుంచి పట్టుకున్నాడు. ఒక్క హీలియంతో ఇన్ని ప్రశ్నలు అల్లొచ్చు, మీరే అల్లండి.

సైన్స్ బౌల్‌లో బోనస్‌కి 20 సెకన్లు. లెక్క అయితే ప్రశ్న చదువుతుండగానే అంకెలు రాసుకోవాలి. ఒకరు లెక్క చేస్తే ఇంకొకరు ప్రమాణాలు చూడాలి. సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చడం మరిచిపోయి పోగొట్టుకునే పాయింట్లే ఎక్కువ.

మన స్కూళ్ళ పోటీల్లో రూల్స్ క్విజ్ మాస్టర్‌ని బట్టి మారతాయి. నెగెటివ్ మార్కులున్నాయా, పాసైన ప్రశ్నకి ఎన్ని, మొదట అన్న మాటే లెక్కలోకి వస్తుందా, ఈ మూడూ మొదలవకముందే అడిగేయండి.

ప్రతి సాధన తర్వాత పోయిన ప్రశ్నలని మూడు గళ్ళలో రాయండి: తెలియనివి, తొందరపడి పోగొట్టుకున్నవి, తెలిసీ నొక్కనివి. మూడో గడి నిండుతుంటే చదువు ఆపి బజర్ సాధన పెంచండి. బజర్ లేకపోతే ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా చాలు.

మీ తాతయ్య