గూగుల్ తీసిన ఫోటో కాదది

బరంపురం

చిన్నా, బుజ్జీ,

మీరు పంపిన పోస్టరు చూశాను. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రకి మన వీధి పిల్లలు తెలుగులో, ఒడియాలో పోస్టరు వేస్తున్నారంటే ముచ్చటేసింది. కానీ మధ్యలో ఉన్న పులివేషం ఫోటో దగ్గర ఆగిపోయాను. కింది మూలన ఒక పేరు సగం కనిపిస్తోంది. మిగతా సగం మీరే కోసేశారని తెలుస్తూనే ఉంది. పక్కన చిన్నక్షరాలతో "సౌజన్యం: గూగుల్" అని రాశారు.

గూగుల్ ఆ ఫోటో తియ్యలేదర్రా, ఎక్కడుందో చూపించిందంతే. అంత జనంలో, డప్పుల మోతలో నిలబడి తీసినవాడు వేరే ఉన్నాడు. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, మామూలుగా తీసిన క్షణం నుంచే హక్కు అతనిది. రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, ఫోటో మీద పేరూ అక్కర్లేదు. అతను బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. వేషం కట్టినాయన మన పక్కింటాయనే కావచ్చు, ఆయన సరేనన్నా చాలదు.

బడి ప్రాజెక్టులో అతికించినప్పుడు ఎవరూ ఏమీ అనలేదంటారేమో. చదువుకి చట్టమే వెసులుబాటు ఇచ్చింది. మీ పోస్టరు అడుగున పట్టుచీరల దుకాణం ప్రకటన ఉంది, పైగా ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెడతారట. దానికా వెసులుబాటు వర్తించదు.

తెలిసి చేస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. టెన్షన్ పడకండి, మిమ్మల్ని పోలీసులు ఎత్తుకుపోతారని కాదు. అతను ఫిర్యాదు చేస్తే పోస్టు తీసేస్తారు, ఫిర్యాదులు పెరిగితే అకౌంటే పోతుంది. డబ్బు కట్టమని లాయరు నోటీసు దుకాణానికి వచ్చిందనుకోండి, ఆ షాపాయన మీకు మళ్లీ ప్రకటన ఇస్తాడా?

క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే ఫలానా షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారే ముందుగా అనుమతిచ్చి పెట్టిన ఫోటోలు వాడుకోవచ్చు, కానీ ఆ షరతులు చదవాలి. కొందరు పేరు వేస్తే చాలంటారు, కొందరు వ్యాపారానికి వద్దంటారు.

ముందు ఆ సగం పేరు పట్టుకుని మనిషిని వెతకండి. "అన్నా, మీ పులివేషం ఫోటో మా యాత్ర పోస్టరు మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో వాడుకోవచ్చా? దుకాణం ప్రకటన కూడా ఉంటుంది. మీ పేరు వేస్తాం" అని రాయండి. ప్రకటన సంగతి దాచొద్దు. సరేనంటే ఆ జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కాదంటే, పోయిన యాత్రలో బుజ్జి తన ఫోన్‌తో తీసిన ఘటాల ఫోటో ఉంది కదా, అది పెట్టండి. కాస్త మసగ్గా ఉంది గానీ ఫరవాలేదు.

ఫ్లెక్స్ వాడికి శనివారం ఇస్తే చాలట, కనుక్కున్నాను.

మీ తాతయ్య