ఆబ్జెక్టు నుంచి ఎక్స్‌ఎంఎల్ దాకా: అపోహలు - వాస్తవాలు

డాట్‌నెట్ అనే ప్రోగ్రామింగ్ వేదికలో, ప్రోగ్రామ్‌లోని ఆబ్జెక్టును ట్యాగులతో కూడిన ఎక్స్‌ఎంఎల్ పాఠంగా రాసే ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్‌ను వాడడం తేలిక. రెండు మూడు వరుసల కోడ్‌తో ఆబ్జెక్టు ఎక్స్‌ఎంఎల్‌గా మారిపోతుంది. ఆ ఎక్స్‌ఎంఎల్ అవతలివారి స్కీమాకు (పత్రం ఎలా ఉండాలో చెప్పే నియమాలకు) అచ్చంగా సరిపోవలసి వచ్చినప్పుడే చిక్కులు మొదలవుతాయి. ఇతరుల కోడ్‌ను సమీక్షించేటప్పుడు నాకు పదేపదే ఎదురైన అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎక్స్‌ఎంఎల్ రూపం మారాలంటే క్లాస్‌నే మార్చాలి.

వాస్తవం: అవసరం లేదు. ప్రాపర్టీ మీద ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్ అనే గుర్తు పెడితే ఆ విలువ విడి ఎలిమెంట్‌గా (ట్యాగుల జత మధ్య) కాక ప్రారంభ ట్యాగ్ లోపలే యాట్రిబ్యూట్‌గా చేరుతుంది, ఎక్స్‌ఎంఎల్ ఇగ్నోర్ పెడితే అసలు బయటికే రాదు. లిస్టు మీద ఎక్స్‌ఎంఎల్ ఎలిమెంట్ పెడితే చుట్టూ ఉండే ట్యాగ్ పోయి అంశాలు మాత్రమే వరుసగా మిగులుతాయి. క్లాస్ మన చేతిలో లేనప్పుడు ఇవే గుర్తులను ఓవర్‌రైడ్స్ ద్వారా బయటినుంచి ఇవ్వవచ్చు. అయితే ఓవర్‌రైడ్స్ తీసుకునే కన్‌స్ట్రక్టర్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్త అసెంబ్లీ (కంపైలైన కోడ్ ముక్క) తయారై మెమరీలో ఉండిపోతుంది కనుక, ఆ సీరియలైజర్‌ను ఒక్కసారే సృష్టించి దాచుకుని వాడుకోవాలి.

అపోహ: విలువ లేకపోవడం, ఖాళీగా ఉండడం, నల్ కావడం మూడూ ఒకటే.

వాస్తవం: అవతలివారు పత్రాన్ని తిరస్కరించగా నేను చూసిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటు వల్ల వచ్చినవే. స్ట్రింగ్ (పాఠం) నల్ అయితే, అంటే ఏ విలువనూ సూచించకపోతే, ఎలిమెంటే రాదు, ఖాళీ స్ట్రింగ్ అయితే ఖాళీ ఎలిమెంట్ వస్తుంది. నల్ కాగల తేదీ విషయంలో మాత్రం, విలువ లేకపోయినా ఎలిమెంట్ వచ్చి, దాని మీద ‘నిల్’ అనే యాట్రిబ్యూట్ ‘ట్రూ’ అని కూర్చుంటుంది. అవతలి స్కీమాలో ఆ ఎలిమెంట్‌ను నిల్లబుల్ అని ప్రకటించకపోతే పత్రం చెల్లదు. పోనీ అని తేదీని స్ట్రింగ్‌గా మార్చి <గడువు></గడువు> అని పంపితే, ఖాళీ పాఠం తేదీ కాదు కనుక అదీ చెల్లదు. (ఎలిమెంట్ పేరు తెలుగులో ఉండడం తప్పు కాదు, ఎక్స్‌ఎంఎల్ దాన్ని అనుమతిస్తుంది.) ఇక్కడ సరైన మార్గం, ‘షుడ్‌సీరియలైజ్’ తరువాత ప్రాపర్టీ పేరు చేర్చిన ఒక మెథడ్ రాసి, విలువ ఉన్నప్పుడు మాత్రమే ట్రూ తిరిగి ఇవ్వడం. అప్పుడు తేదీ లేని పత్రంలో ఆ ఎలిమెంట్ ఉండనే ఉండదు.

అపోహ: డిఫాల్ట్ వాల్యూ గుర్తు పెడితే ప్రాపర్టీకి ఆ విలువ దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. విలువ దానితో సమానమైతే రాయకుండా వదిలేయమని మాత్రమే ఆ గుర్తు సీరియలైజర్‌కు చెబుతుంది. పరిమాణం అనే పూర్ణాంక ప్రాపర్టీకి 1 అని గుర్తు పెట్టి, కన్‌స్ట్రక్టర్‌లో ఏమీ కేటాయించలేదనుకోండి. 1 ఉన్న ఆబ్జెక్టును రాస్తే ఎలిమెంట్ రాదు, తిరిగి చదివితే 0 వస్తుంది. ఎక్కడా ఎర్రర్ కనబడదు, లెక్క మాత్రం మారిపోతుంది.

అపోహ: ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతిలో) భద్రపరిస్తే, ఎన్‌కోడింగ్ పేరు చెప్పే పై వరుసలోని ప్రకటన కూడా అదే చెబుతుంది.

వాస్తవం: మెమరీలో స్ట్రింగ్‌ను తయారుచేసే స్ట్రింగ్‌రైటర్‌లోకి రాయిస్తే ప్రకటనలో యూటీఎఫ్-16 అని పడుతుంది, ఎందుకంటే ఆ రైటర్ తన ఎన్‌కోడింగ్‌గా దాన్నే చూపుతుంది. నేను ఒకసారి ఆ పాఠాన్ని అలాగే యూటీఎఫ్-8 ఫైలుగా పంపాను. ఫైలు తెరిచి చూస్తే అక్షరాలన్నీ సవ్యంగా ఉన్నాయి, అవతల ఎక్స్‌ఎంఎల్‌ను చదివే పార్సర్ మాత్రం మొదటి వరుసలోనే ఆగిపోయింది, కారణం పట్టుకునేసరికి ఒక పూట గడిచింది. స్ట్రీమ్‌లోకి నేరుగా రాసే ఎక్స్‌ఎంఎల్ రైటర్‌కు సెట్టింగ్స్‌లో ఎన్‌కోడింగ్ ఇస్తే ప్రకటన, బైట్లు రెండూ ఏకీభవిస్తాయి.

అపోహ: రూట్‌లో (అన్నిటికంటే పై ఎలిమెంట్‌లో) వచ్చే అక్కర్లేని నేమ్‌స్పేస్‌లను (పేర్లు ఏ సమూహానివో చెప్పే ప్రకటనలను) చివర్లో రీప్లేస్‌తో తీసేస్తే చాలు.

వాస్తవం: లోపల ఎక్కడైనా నిల్ ఉంటే, దాని ముందుండే ప్రిఫిక్స్‌కు (నేమ్‌స్పేస్‌కు పెట్టిన పొట్టి పేరుకు) ప్రకటన లేక పత్రం మొత్తం చెడుతుంది. ఖాళీ ప్రిఫిక్స్, ఖాళీ పేరు చేర్చిన సీరియలైజర్ నేమ్‌స్పేసెస్ ఆబ్జెక్టును సీరియలైజ్ మెథడ్‌కు ఇవ్వండి. నిల్ అవసరమైన చోట సీరియలైజర్ తానే అక్కడికక్కడ ప్రకటించుకుంటుంది.

అపోహ: ఎలిమెంట్ల వరుస ఎలా ఉన్నా పరవాలేదు.

వాస్తవం: యాట్రిబ్యూట్ల విషయంలో అది నిజం. ఎలిమెంట్లకు స్కీమాలో సీక్వెన్స్ ఉంటే ఆ వరుసే పాటించాలి. ఒక ప్రాపర్టీకి ఆర్డర్ (వరుస సంఖ్య) ఇస్తే ఆ క్లాస్‌లోని మిగతా ఎలిమెంట్లన్నిటికీ ఇవ్వాలి. డాట్‌నెట్‌లోని మరో సీరియలైజరైన డేటా కాంట్రాక్ట్ సీరియలైజర్ అయితే ఏమీ చెప్పకపోతే పేర్లను అక్షరక్రమంలో రాస్తుంది, చదివేటప్పుడు వరుస తప్పిన ఎలిమెంట్‌ను ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది.